కోమాలో ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించకండి

అందరికీ నమస్కారమండి, అమలాపురం నుంచి మాట్లాడుతున్నా. మూడేళ్ల కిందట మా నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కోమాలోకి వెళ్లిపోయారు, కొబ్బరితోట, బ్యాంకులో డబ్బు అన్నీ ఆయన పేరు మీదే, హాస్పిటల్ బిల్లేమో రోజురోజుకీ పెరిగిపోతోంది. మా బంధువు ఒకాయన స్టాంపు పేపరు, ఇంకు ప్యాడు పట్టుకుని ఐసీయూకి వచ్చేశారు, వేలిముద్ర వేయించేసి జీపీఏ, అంటే ఆయన తరఫున ఆస్తి లావాదేవీలు మనం చేసే అధికార పత్రం, రాయించుకోమని. నాన్నగారి వేలికున్న పల్స్ క్లిప్పు తీయమని నర్సుని అడుగుతున్నారండి! అమ్మ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అమ్మ చేసిందే కరెక్టు. స్పృహలో లేని మనిషి వేలిముద్ర చెల్లదు, పైగా మనమీదే కేసవుద్ది. బాగున్నప్పుడు రాసిచ్చిన మామూలు జీపీఏ ఉన్నా సరే, మనిషి మతి కోల్పోతే కాంట్రాక్ట్ యాక్ట్ 201 సెక్షన్ ప్రకారం అది కూడా ఆగిపోద్ది.

మరి దారేంటంటే, కోర్టు గానీ కమిటీ గానీ గార్డియన్‌ని, అంటే ఆ మనిషి తరఫున వ్యవహారాలు చూసేవాళ్లని, నియమించడం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకి 18 దాటాక 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ని పెడతారు, కలెక్టరుగారి ఆధ్వర్యంలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటది, అక్కడ అప్లై చేయాలి.

కోమా కేసు ఆ కమిటీ కిందకి రాదండి. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ మైనర్లకే. అందుకే గార్డియన్‌గా నియమించమని హైకోర్టులో రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద రిట్ పిటిషన్ వేయాలి. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులకి గైడ్‌లైన్స్ ఇచ్చింది, మా లాయరుగారు ఆ తీర్పే పెట్టారు. న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు పేషెంటుని చూడాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి వచ్చి రిపోర్టివ్వాలి, వారసులందరి పేర్లూ ఆస్తులన్నీ చెప్పాలి. చెల్లెలు ఒప్పుకోదేమో అని దాచేస్తే మొత్తం పాడవుద్ది, ముందే కూర్చుని మాట్లాడుకోండి.

గార్డియన్ అయితే ఆస్తి మనదైపోదు. ఆర్డర్లో ఏం రాసుంటే అంతవరకే. మేం బ్యాంకు డబ్బుకే అడిగాం, తోట జోలికి పోలేదు. కొబ్బరికాయల దింపు డబ్బులొచ్చినా, ఫిజియోథెరపీ అబ్బాయికిచ్చినా అమ్మ నోట్‌బుక్‌లో రాసి బిల్లు పిన్ను కొట్టి పెడుతుంది, ఆరు నెలలకోసారి కోర్టుకి లెక్క ఇవ్వాలి కదా.

ఇప్పుడు ఎవరైనా ఐసీయూ బయట కూర్చుని ఇది చూస్తుంటే, ముందు డాక్టరుగారి దగ్గర పేషెంటు పరిస్థితి రాసున్న సర్టిఫికెట్టు తీసుకోండి, లాయరు అడిగే మొదటి కాగితం అదే.