తడి చెత్తను కాలనీ గేటు దాటనివ్వకండి

నమస్కారం. మీ ఇంట్లో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా ఇంకా ఉన్నాయా? స్వచ్ఛ హైదరాబాద్ పేరుతో 2015 ప్రాంతంలో మన నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఇంటింటికీ పంచిన జంట డబ్బాల గురించి అడుగుతున్నాను. ఆకుపచ్చ దాంట్లో తడి చెత్త, నీలం దాంట్లో పొడి చెత్త వేయమన్నారు. చాలా ఇళ్లలో ఒకదాంట్లో బియ్యం పోసుకున్నారు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు పట్టుకున్నారు. డబ్బాలు గట్టివి మరి, తప్పు పట్టలేం.

చెత్త ఎందుకు వేరు చేయడం లేదని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. "మేము వేరు చేసి ఇచ్చినా చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో రెండూ కలిపేస్తున్నారు కదా!" నిజమే, కలిపేస్తున్నారు. చాలా వీధుల్లో నేనూ చూశాను. కానీ ఆ ఫిర్యాదు దగ్గరే ఆగిపోకుండా ఒక అడుగు ముందుకు వేద్దాం. తడి చెత్తను అసలు ఆటోకే ఇవ్వకపోతే, కలపడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది?

చెత్త అనగానే మన కంటికి ప్లాస్టిక్ కనబడుతుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున తేలే సీసాలు, మూసీ వంతెన కింద చిక్కుకున్న కవర్లు ఫోటోలకు బాగా పనికొస్తాయి. కానీ నగరంలో రోజూ పోగయ్యే ఏడు వేల టన్నుల పైచిలుకు చెత్తలో దాదాపు సగం వంటింటి నుంచి, కూరగాయల మార్కెట్ల నుంచి, హోటళ్ల నుంచి వచ్చే తడి సరుకే. అది ఆటోల నుంచి పెద్ద లారీలకు మార్చే బదిలీ కేంద్రాల మీదుగా, నగర శివారులోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరుతుంది. అక్కడ గుట్టగా పడితే లోపలికి గాలి ఆడదు. గాలి ఆడని చోట కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది, నల్లటి మురుగు ఊరుతుంది. ఆ మురుగు పక్కనే ఉన్న మల్కారం చెరువుకు ఏ గతి పట్టించిందో ఆ చుట్టుపక్కల వాళ్లను అడగండి. పాత గుట్టకు పైన పొర కప్పారు, నిజమే. అయితే ఆ ఊళ్ల ముక్కులకు జరిగిన అన్యాయం ఏ పొర కిందా దాగదు.

"అక్కడ చెత్తతో కరెంటు తయారు చేస్తున్నారు కదా" అంటారు కొందరు. అవును, 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది, తర్వాత దాని సామర్థ్యం పెంచారు. కానీ కూరగాయల తొక్కల్లో ముప్పాతిక వంతుకు పైగా నీరే ఉంటుంది. మిగిలిపోయిన అన్నం, సాంబారు మండించాలంటే ముందు అందులోని నీటిని ఆవిరి చేయాలి. అంటే సొరకాయ తొక్కను ఇరవై, ముప్పై కిలోమీటర్లు డీజిల్ పోసి మోసుకెళ్లి, దాన్ని ఆరబెట్టడానికి మళ్లీ వేడి ఖర్చు పెడుతున్నాం. దీనికన్నా తెలివితక్కువ లెక్క ఇంకొకటి ఉంటుందా?

ఇదే తడి సరుకును పుట్టిన చోటే వాడుకుంటే ఏమవుతుందో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూపించింది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన రియాక్టరుతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. అమ్ముడుపోని టమాటాలు, క్యాబేజీ ఆకులు, కుళ్లిన కాకరకాయలు కలిపి రోజుకు సుమారు 10 టన్నులు, వాటి నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు. ఆ కరెంటును మార్కెట్ దీపాలకు, దుకాణాలకు, కొంత గ్యాసును క్యాంటీన్ పొయ్యికి వాడారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ మార్కెట్ పేరు ఎత్తాకే మన పత్రికలు దాని గురించి గట్టిగా రాశాయి. పక్కింటి పిల్లవాడి ప్రతిభ ఢిల్లీ నుంచి ఎవరో చెబితే గానీ మనకు కనబడదు, అది వేరే సంగతి.

అపార్టుమెంటుకు అంత యంత్రం అక్కర్లేదు. ఎరువు తొట్టి చాలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండో వారంలో మానేసేది ఇక్కడే.

తొట్టికి కింద, పక్కల గాలి రంధ్రాలు ఉండాలి. అడుగున ఎండుటాకులు పరవండి. రోజూ ఒక పొర వంటింటి వ్యర్థాలు, దాని మీద అంతకు రెట్టింపు మందాన ఎండుటాకులు. మొదట్లో కాస్త పుల్లటి మజ్జిగ గానీ పేడ నీళ్లు గానీ చల్లితే సూక్ష్మజీవులు త్వరగా పని మొదలుపెడతాయి. వారానికి ఒకటి రెండుసార్లు కలియబెట్టాలి. గుప్పెడు తీసి పిండితే నీళ్లు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందనో గాలి తక్కువైందనో అర్థం. ఇంకొన్ని ఆకులు వేసి కలపండి. తెల్లటి పురుగులు కనబడగానే కమిటీ వాట్సాప్ గ్రూపులో గోల మొదలవుతుంది. ఆ పురుగులు మీ ఎరువును త్వరగా తయారు చేసే కూలీలు, వదిలేయండి. రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు చేతికొస్తుంది.

ఆకులు ఎక్కడ దొరుకుతాయంటారా? ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన కాలనీల్లో పొద్దున్నే లేచే పొగ దేనిదనుకుంటున్నారు? రోడ్డు పక్క ఊడ్చిన ఆకుల్ని తగలబెడుతున్నారు. వాటిని సంచుల్లో నింపి సెల్లారులో పెడితే ఏడాదంతా వస్తాయి. లేదంటే నర్సరీల్లో కొబ్బరి పొట్టు దొరుకుతుంది. బతుకమ్మ వెళ్లాక మిగిలే గునుగు, తంగేడు, వినాయక చవితి పత్రి కూడా ఈ తొట్టికే. ఆవకాయ రోజుల్లో వచ్చే టెంకలు మాత్రం వేయకండి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. బిర్యానీ ఎముకలు కూడా వద్దు. ఈ ఊళ్లో అది చెప్పక తప్పదు. ఎలుకల్ని మీరే విందుకు పిలిచినట్టవుతుంది.

ఇప్పుడు పొడి చెత్త. తడి పోయాక మిగిలేదాంట్లో చాలావరకు శుభ్రంగా ఉంటుంది, దానికి కొనేవాడు సిద్ధంగా ఉంటాడు. పప్పు అంటిన పేపరును ఏ కబాడీ దుకాణమూ తీసుకోదు, ఆరిన పేపరును తూకం వేసి మరీ తీసుకుంటుంది. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తే వాటికీ ధర ఉంది. ఒక చిన్న కిటుకు: ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించి పడేయకండి, ముక్క ఊడకుండా చీల్చండి. ఆ గోరంత ముక్కను ఎవరూ ఏరలేరు, కాలువలోకి పోతుంది.

నా సలహా ఇంకొకటి ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. ఆ పొడి సరుకు కోసం కబాడీ అతనితో ఇరవై రూపాయలకు బేరమాడటం మానేసి, స్వచ్ఛ ఆటో వాళ్లకే ఇచ్చేయండి. నెలకు మీరు ఇచ్చే డబ్బుతో వాళ్ల ఇల్లు గడవదు. దారిలో ఏరి అమ్ముకునే సీసాలు, అట్టలే వాళ్లకు ఆసరా. చేతులతో మురికిలోంచి ఏరుకునే పని తప్పించి, శుభ్రమైన సంచి అందిస్తే మన సొమ్మేమీ పోదు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు విడిగా పేపర్లో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి ఇవ్వండి. పొరపాటున వాళ్లు విప్పి చూడకుండా ఉంటారు.

ఇక ఎవరూ కొననివి. చిప్స్ ప్యాకెట్లు, పేపరు కప్పులు, బిర్యానీ పార్శిల్‌తో వచ్చే సాలన్, రైతా కవర్లు. పేపరు కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకే అది పేపరుగానూ పనికిరాదు, ఎరువుగానూ మారదు. వీటికి రీసైక్లింగ్ పరిష్కారం కాదు, తెచ్చుకోకపోవడమే పరిష్కారం. ఇరానీ హోటల్లో కూర్చుని పింగాణీ కప్పు, సాసరులో చాయ్ తాగండి. తరతరాలుగా అక్కడ కప్పు కడిగి మళ్లీ వాడుతున్నారు. దాన్ని పర్యావరణ ఉద్యమమని ఎవరూ పిలవలేదు. బిర్యానీకి ఇంటి నుంచి గిన్నె తీసుకెళ్తే మొదట వింతగా చూస్తారు, తర్వాత నింపి ఇస్తారు.

పెళ్లిళ్ల సంగతి చెప్పకుండా వదలలేను. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతటా నిషేధం. మరి మొన్నటి ఫంక్షన్ హాలు వెనక గుట్టలో ఏముందో మీరే చూసి ఉంటారు. సిద్దిపేటలో స్టీలు బ్యాంకు అనే పద్ధతి పెట్టారు. కంచాలు, గ్లాసులు, వడ్డించే గిన్నెలు ఒకచోట ఉంచి, శుభకార్యాలకు ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంటారు. ఒక చిన్న పట్టణం చేయగలిగింది మన కాలనీ సంఘం చేయలేదా? వినాయక చందాలో కొంత పక్కన పెడితే వంద కంచాలు వస్తాయి. వాటిని ఎవరు కడగాలన్న దగ్గర పేచీ వస్తుంది, తెలుసు. కడిగేవారికి కూలీ ఇవ్వండి. డీజేకి ఇచ్చే డబ్బుతో పోలిస్తే అదెంత?

మీ అపార్టుమెంటులో ఎరువు తొట్టి పెడదామంటే ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో కింద రాయండి. వాస్తు దోషమన్న వాళ్లు ఉంటే అది కూడా రాయండి. వచ్చే వీడియోలో ఆ అభ్యంతరాలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను.