లాక్ నట్టు వేసినా బోల్టు ఎందుకు లూజవుతోంది? ఫ్రీగా వచ్చిన కిట్ మూడు వారాలు వాడి చెప్తున్నా

అందరికీ నమస్కారమండి, వైజాగ్ ఆటోనగర్ మన షెడ్ నుంచే ఈ వీడియో. ముందే చెప్పేస్తున్నా, ఈ లాక్ నట్ల (అదురుకి ఊడిపోకుండా పట్టుకునే నట్ల) కిట్ డబ్బా కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. లోపల ఏ సైజులు ఎన్ని ఉన్నాయో డబ్బా మీదే ఉంది, నేను చదవను. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు, నైలాన్ లేకుండా మొత్తం ఇనుముతో ఉండే లాక్ నట్లు, జంటగా వచ్చే వెడ్జ్ వాషర్లు, ఇవే.

ఇదిగో దగ్గరగా చూడండి, ఎం10 నైలాక్, అంటే పది మిల్లీమీటర్ల బోల్టుకి వేసేది. వేళ్ళతో తిప్పితే నాలుగైదు చుట్లు హాయిగా వెళ్ళింది, ఇక్కడ ఆగిపోయింది. బోల్టు మొన ఈ నీలం రింగుకి తగిలిందన్నమాట. రింగులో మరలుండవు, బోల్టే నొక్కుకుంటూ దారి చేసుకోవాలి, ఇక్కడ్నుంచి పానా పట్టాల్సిందే. ఇప్పుడు చేతికి బరువు తగుల్తోంది కదా, అది బిగింపు కాదండి, ఉత్త రాపిడి! చాలామంది కుర్రాళ్ళు అక్కడే టైట్ అయిపోయిందనుకుని వదిలేస్తారు, చూస్తే నట్టు కింద కాగితం దూరిపోతుంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో, అంటే టార్క్ ఎంతో చూపే పానా) వాడేవాళ్ళు ఆ రాపిడి ఎంతుందో చూసుకుని బిగించాల్సిన టార్క్‌కి కలుపుకోవాలి. రింగు దాటి కనీసం రెండు మరలు బయటికి కనబడాలి, లేకపోతే రింగు సరిగ్గా పట్టనట్టే.

దీని గురించి ఇంతసేపు ఎందుకంటే, లాక్ నట్టు అంటే అసలు లూజవదు అని అందరూ అనుకుంటారు. ఊడి కింద పడిపోదు, అంతవరకే దాని పూచీ. బిగువు మాత్రం పోవచ్చు. జర్మనీ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు, ప్లేట్లు అడ్డంగా అటూ ఇటూ జారుతుంటే మరల్లో రాపిడి ఆ క్షణానికి పట్టు వదిలేస్తుంది, మర వాలుగానే ఉంటుంది కాబట్టి నట్టు తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. ప్లేట్లు జారకుండా ముందు గట్టిగా బిగించాలి, లాక్ సంగతి ఆ తర్వాత.

స్ప్రింగ్ వాషర్ వేస్తే సరిపోదా అని ప్రతి వీడియో కింద అడుగుతున్నారు. నాకు నిజంగా కోపం వస్తుందండి. 8.8 గ్రేడు, అంటే గట్టి రకం ఉక్కు బోల్టు సరిగ్గా బిగిస్తే ఆ వాషర్ అణిగి చదునైపోతుంది, ఇంక స్ప్రింగ్ ఎక్కడుంది? రొయ్యల ప్లాంటుకి వైబ్రేటింగ్ జల్లెడ ఒకటి చేసిచ్చాం, మోటార్ కాళ్ళకి స్ప్రింగ్ వాషర్లే వేశాను అప్పట్లో, పది రోజులకే ఫోను, "ఏటి బాబూ, మీ మోటారు గెంతుతోంది" అని. వెళ్ళి చూస్తే నాలుగింట్లో రెండు నట్లు చేత్తో తిరిగిపోతున్నాయి. ఈసారి అదే జల్లెడకి ఈ కిట్‌లో వెడ్జ్ వాషర్లు వేసి, నట్టు మీంచి ప్లేటు దాకా పెయింట్ మార్కర్‌తో గీత గీసి వచ్చాను. మూడు వారాలయింది, ఇదిగో ఫోటో, గీత ఎక్కడా విరగలేదు. ఇవి జంటగా పనిచేస్తాయి, పెద్ద మెట్లున్న వైపులు ఒకదానికొకటి ఎదురుగా, సన్న పళ్ళు బయటికి. ఆ మెట్ల వాలు మర వాలు కన్నా ఎక్కువ, అందుకే నట్టు వెనక్కి తిరగబోతే వాషర్లు పైకి లేచి ఇంకా బిగుస్తాయి. కింద మామూలు వాషర్ మాత్రం పెట్టకండి, అదే తిరిగిపోతుంది.

వేడి దగ్గర నైలాక్ వద్దు. నైలాన్‌కి సుమారు 120 డిగ్రీల దాకానే. ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుకి సైలెన్సర్ క్లాంపు నైలాక్‌తో బిగించాను ఒకప్పుడు, మళ్ళీ విప్పితే రింగు ఉండాల్సిన చోట నల్లటి పొడి రాలింది. అలాంటి చోటకి ఈ ఇనుప లాక్ నట్టు. పైనుంచి చూడండి, కంత గుండ్రంగా లేదు, కొంచెం నొక్కేసినట్టు కోలగా ఉంది, ఆ నొక్కుడే పట్టు. ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, ఏ నట్టు తీసినా పట్టు ఒకేలా ఉంది. ఇదివరకు లూజుగా కొన్న లాట్‌లో ఒకటి అసలు ఎక్కేది కాదు, ఇంకోటి చేత్తోనే చివరిదాకా వెళ్ళిపోయేది.

నచ్చనిది ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ నైలాక్. మన సముద్రం గాలికి జింక్ పూత ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి, అందుకే ఇక్కడ అందరం ఎస్‌ఎస్ అంటాం. కానీ ఎస్‌ఎస్ బోల్టు మీద ఎస్‌ఎస్ లాక్ నట్టుని పొడిగా, ఇంపాక్ట్ గన్‌తో స్పీడుగా ఎక్కిస్తే మరలు రాసుకుని వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఈ కిట్‌లోవి రెండు అలాగే పట్టేశాయి, ముందుకీ రావు వెనక్కీ రావు, గ్రైండర్‌తో కోసేశాను. మరలు పట్టేయకుండా ఉండే యాంటీ సీజ్ పేస్టు రాసి చేత్తో మెల్లగా ఎక్కించాలి, పేస్టు రాస్తే టార్క్ కూడా తగ్గించుకోవాలి. ఆ ముక్క డబ్బా మీద ఒక్క చోటైనా రాయాలి కదండీ? రాయలేదు. అందుకే ఆ ఎస్‌ఎస్ సెట్ మీకు కొనమని చెప్పను.

మరలకి రాసే జిగురు, లాక్‌టైట్ గురించి కూడా అడిగారు. ఆ సీసా ఎప్పుడూ నిండుగా ఉండదు, మోసం చేశారని ఒకాయన నాతో గొడవేసుకున్నాడు కూడా, కానీ లోపల గాలి ఉంటేనే అది ద్రవంగా ఉంటుంది, గాలి తగలకుండా మరల మధ్య ఇనుముకి అంటుకుంటేనే గట్టిపడుతుంది. నీలం రకమైతే పానాతో విప్పుకోవచ్చు, ఎరుపుకి వేడి చెయ్యాలి. నూనె తుడవకుండా వేస్తే మాత్రం దండగ.

ఇనుప లాక్ నట్లు, వెడ్జ్ వాషర్లు రేపు నా డబ్బులతో కొంటాను. నైలాక్ పర్లేదు, విప్పిన ప్రతిసారీ చేత్తో ఎక్కించి చూడండి, వేళ్ళకే వెళ్ళిపోతే పారేయండి. మీ మెషీన్‌కి ఏది వెయ్యాలో అడిగేవాళ్ళు బోల్టు సైజు, అక్కడ ఎంత వేడి, ఎన్నాళ్ళకోసారి విప్పుతారు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి, సాయంత్రం షెడ్ మూసే ముందు కూర్చుని అందరికీ జవాబిస్తా.