మా వార్డు చెత్త గొడవ, ఒక గవర్నర్‌గారి కథ

హాయ్ అండీ! టోక్యోలో పొద్దున్న ఏడున్నర. ఎనిమిదిలోపు చెత్త కింద పెట్టేయాలి, అదీ టెన్షన్. ఇవాళ కాల్చే చెత్త రోజు. వచ్చిన కొత్తలో ఓసారి అందులో గాజు సీసా వేసేశాను. సంచికి స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేసి పోయారు. వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుంటే సిగ్గుతో చచ్చాను.

మేముండేది కోతో వార్డులో, ఓజిమా దగ్గర. చెత్త విషయంలో ఈ వార్డుకి పాత కోపం ఒకటుంది. కింద పోర్షన్ బామ్మగారు చెప్పారు. 1965లో ఆవిడ చిన్నపిల్లట. అన్నం గిన్నె మూత తీస్తే చాలు, ఈగలు నల్లగా ముసిరేవట. నగరం చెత్తంతా తెచ్చి ఇక్కడి సముద్రంలో పోసేవాళ్ళు మరి! చివరికి ఆ దిబ్బకే నిప్పు పెట్టి ఈగల్ని చంపారు. దిబ్బ పేరు యుమెనోషిమా. అంటే కలల దీవి. పేరు చూడండి!

ఆ దిబ్బ నిండిపోయిన 1967లోనే మినోబె ర్యోకిచి టోక్యో గవర్నర్ అయ్యారు. ఎకనామిక్స్ ప్రొఫెసర్. వాళ్ళ నాన్న పెద్ద న్యాయ పండితుడు. చక్రవర్తి కూడా రాజ్యంలో ఒక అంగమే అన్నందుకు 1935లో ఆయన పుస్తకాలు నిషేధించారు. కొడుకుని 1938లో వామపక్ష మేధావుల మీద పెట్టిన కేసులో అరెస్టు చేశారు. యుద్ధం తర్వాత టీవీలో ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పి ఇంటింటికీ తెలిసిపోయారు. సోషలిస్టులు, కమ్యూనిస్టులు కలిసి నిలబెడితే గెలిచారు.

1969లో ముసలివాళ్ళకి వైద్యం ఉచితం చేశారు. మొన్న గింజా షాపింగ్ వీధిలో, బళ్ళు ఆపేసిన రోడ్డు మధ్య దర్జాగా నడిచాం కదా, అదీ ఆయన హయాంలో 1970లో మొదలైందే.

ఇక చెత్త. దిబ్బ నిండితే సముద్రంలో ఇంకాస్త లోపలికి పోశారు, అదీ మా వైపే. రోజుకి దాదాపు 5000 లారీలు ఈ వీధుల్లోంచే! 1971లో మినోబెగారు 'చెత్త యుద్ధం' ప్రకటించారు. ఎవరి చెత్త వాళ్ళ వార్డులోనే కాల్చుకోవాలన్నారు. పడమటి వైపు సుగినామి వార్డులో మాత్రం, మా ఇళ్ళ దగ్గర చెత్త కాల్చే కొలిమి వద్దని జనం అడ్డం తిరిగారు. 1973లో మా వార్డు మేయర్, కౌన్సిల్ సభ్యులు రోడ్డుకి అడ్డంగా నిలబడి సుగినామి లారీల్ని వెనక్కి పంపేశారు. నేను ఈ వార్డుదాన్ని కాబట్టి అనడం లేదు గానీ, న్యాయం మావాళ్ళదే!

ఒక్కరు వద్దన్నా వంతెన కట్టకూడదన్నది మినోబెగారి సిద్ధాంతమని చెప్తారు. వంతెనకైతే సరే, చెత్త ఆగుతుందా అండీ? 1974లో రాజీ కుదిరింది, సుగినామి కొలిమి మాత్రం 1982కి గానీ వెలగలేదు. అప్పటికే ఆయన మూడు టర్ములు చేసి, ఖజానా లోటులో వదిలి, 1979లో దిగిపోయారు. తర్వాత పార్లమెంటు ఎగువ సభకి వెళ్ళారు, 1984లో పోయారు.

ఆదివారం కలల దీవికి వెళ్ళాం. ఇప్పుడది పార్కు. అందులో పెద్ద గాజు గోపురం, పక్కనున్న చెత్త కొలిమి వేడితోనే లోపల మొక్కలు బతుకుతాయి. అరటిచెట్టు చూడగానే మా పాప "అమ్మా, అమ్మమ్మ వాళ్ళ పెరడు!" అని అరిచింది. ఆ క్లిప్ ఇప్పుడు... అయ్యో, లారీ సౌండ్ వస్తోంది. ఒక్క నిమిషం ఆగండి, సంచి ఇంకా నా చేతిలోనే ఉంది!