మా నాన్న, ఆయన ఆదివారాలు

(చెన్నైలో జరిగిన సంస్మరణ సభలో ఆయన కుమార్తె చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. మా నాన్నగారిని తలుచుకోవడానికి పెరంబూరు నుంచి, ఆవడి నుంచి, కొందరైతే సూళ్ళూరుపేట నుంచి రైలెక్కి మరీ వచ్చారు. అమ్మ తరఫున, తమ్ముడి తరఫున అందరికీ కృతజ్ఞతలు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దల్లో కొందరు ఆయనను కుటుంబం కోసమే బతికిన మనిషన్నారు. మరికొందరు ఇంటి పట్టున ఉండక చెరువుల వెంట, తీరం వెంట తిరిగిన మనిషన్నారు. రెండూ నిజమే గానీ, ఆ రెంటినీ విడదీసి చెబితే మా ఇంట్లో ఎవరమూ ఆయనను పోల్చుకోలేము. పిట్టలను చూసిన ఓర్పుతోనే ఆయన మమ్మల్నీ పెంచారు. ఆ సంగతి చెప్పాలనే మీ ముందు నిలబడ్డాను.

నాన్న రైలు పెట్టెల కర్మాగారంలో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. వారమంతా ఇనుప రజను మధ్య గడిపిన మనిషికి ఆదివారం ఆరుబయలు కావాలి. అయితే మమ్మల్ని వదిలి వెళ్ళడానికి మనసొప్పేది కాదు. కాబట్టి తెల్లవారుజామునే పులిహోర డబ్బాలతో ఇంటిల్లిపాదీ బయలుదేరేవాళ్ళం. పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ దాటి సూళ్ళూరుపేటలో దిగితే, అక్కడి నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును, పాతవాళ్ళు ప్రళయ కావేరి అనే ఆ నీటిని, చీల్చుకుంటూ సాగుతుంది. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే. చలికాలంలో ఆ రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు తల కిందికి వంచి, వంకర ముక్కును తిరగేసి నీటిలో ఆడిస్తూ, బురదనీటిని వడకట్టి తిండి ఏరుకుంటూ కనిపిస్తాయి. ఇంకా దగ్గరికి పోదామని మేము మారాం చేస్తే నాన్న ఒక్కటే మాట అనేవారు: "అది తలెత్తి మనవైపు చూసిందంటే మనం హద్దు దాటినట్టే. రెండడుగులు వెనక్కి రండి."

ఇంట్లోనూ ఆయన పద్ధతి అదే. తమ్ముడు పదో తరగతి తప్పిన వేసవి సంగతి వాడి అనుమతితోనే చెబుతున్నాను. బంధువులు వరసగా వచ్చి బుద్ధులు చెప్పిపోతుంటే, నాన్న మాత్రం వాడి గది బయట వరండాలో కూర్చుని బైనాక్యులర్లు తుడుచుకుంటూ ఉండేవారు. వాడిని ఒక్క మాట అడగలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. వాడంతట వాడు తలుపు తీసుకుని బయటికి వచ్చిన రోజున, కాస్త పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చారు.

దొరవారిసత్రం పక్కన నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టుకుంటాయి. ఆడా మగా రెండూ వంతులవారీగా పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి; పిల్లలు ఏకంగా పెద్దవాటి గొంతు సంచిలోకి తల దూర్చి తింటాయి. అది చూసి నేను కరిగిపోతే నాన్న నవ్వి, "దాని పని అది చేసుకుంటోంది, నువ్వు కవిత్వం కట్టకు" అన్నారు. పోలికలంటే ఆయనకు గిట్టేది కాదు. 1989లో గాలివానకు అడయారు దివ్యజ్ఞాన సమాజం మర్రి మొదటి మాను కూలిపోయినా ఊడల మీద చెట్టు నిలిచింది కదా, ఆ ముక్క ఈ సభలో చెప్పమని నాకిద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆయన ఉంటే ఒప్పుకునేవారు కాదు, అందుకే వదిలేస్తున్నాను.

ఇక తాబేళ్ళ రాత్రులు. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి ఇక్కడ ఒక విద్యార్థి బృందం రాత్రిళ్ళు నీలాంగరై, బీసెంట్ నగర్ ఇసుకలో నడుస్తూ ఆ గుడ్లను కాపాడుతోంది. ఆ కుర్రవాళ్ళతో పాటు నాన్నా నడిచేవారు. తల్లి తాబేలు పాకిన జాడ పట్టుకుని, సన్నటి కర్రతో ఇసుకను మెల్లగా గుచ్చి చూసి, కర్ర మెత్తగా దిగిన చోట చేత్తో తవ్వితే, మూరెడు లోతున కూజా ఆకారపు గుంతలో నూరు దాకా గుడ్లుంటాయి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం బతకదు. కాబట్టి ఆ రాత్రికి ఆ రాత్రే, కుదుపు లేకుండా మోసుకుపోయి, కంచె వేసిన చోట అంతే లోతున, అదే ఆకారపు గుంతలో పాతిపెట్టాలి. గుడ్ల సంచి పట్టుకున్నప్పుడు నాన్న మోచేయి ఒంటికి ఆనించుకుని, అరికాలంతా ఇసుకలో కుదురుకున్నాకే రెండో అడుగు వేసేవారు. నా కూతురిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, మెట్ల మీద మళ్ళీ అదే నడక చూశాను.

ఇంచుమించు 45 నుంచి 50 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. చీకట్లో సముద్రం మీది వెలుతురే వాటికి దారి. వీధిదీపాలు ఎక్కువైతే దారి తప్పి రోడ్డు వైపు మళ్ళుతాయి. ఆ వేళకు నాన్న తన టార్చి ఆర్పేసి, చేత్తో ఎత్తి నీళ్ళలో వదలబోయిన మమ్మల్ని కూడా ఆపేవారు. ఆ కాస్త దూరమూ అవి సొంతంగా పాకవలసిందే అనేవారు.

అమ్మకు మోకాళ్ళు పట్టేశాక దూర ప్రయాణాలు మానేశారు. ఎందుకు మానేశారని అడిగినవారికి, మేడ మీదికి కూడా పిట్టలు వస్తాయి కదా అని జవాబిచ్చేవారు. ఆ మాటలో త్యాగం చేశానన్న ధోరణి ఏ కోశానా వినిపించేది కాదు. నిజంగానే అమ్మ పక్కన కుర్చీ వేసుకుని గద్దల్ని, చిలకల్ని లెక్కపెడుతూ సంతోషంగా ఉండేవారు.

ఆయన నోటుపుస్తకాల గురించి చాలామంది అడిగారు. పులికాట్ జాలర్లు చెప్పిన పిట్టల పేర్లు, చెరువుల్లో నీటిమట్టం, గూళ్ళ లెక్క అన్నీ వాటిలో ఉన్నాయి. అయితే ఒకే పేజీలో, ఒకే సిరాతో, "గూడబాతులు ఇంకా రాలేదు. పాపకు జ్వరం 102. రాత్రి ఎవరూ పడుకోలేదు. పొద్దున లకుముకి పిట్ట ఒకటి" అని రాసి ఉంటుంది. పిట్టల పేజీలు వేరుచేసి ప్రతులు తీయమని మిత్రులు కోరారు. తమ్ముడూ నేనూ కూర్చుని ప్రయత్నించాం గానీ, అలా విడదీయడానికి వీలున్న పేజీ దొరకలేదు. కావలసినవారు సభ అయ్యాక తమ్ముడికి పేరివ్వండి, మొత్తం పుస్తకాల ప్రతులే ఇస్తాం. మా జ్వరాలు, మా మార్కులు కూడా మీరు చదవక తప్పదు.