విషాదవేళ నాయకుడి మాట
(ఒడిశాలోని బరంపురంలో తెలుగు మిత్రుల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

దేశంలో ఎక్కడ ఘోరం జరిగినా కాసేపటికి మన ఫోన్లలోకి ఒక ప్రకటన వస్తుంది. తీవ్ర దిగ్భ్రాంతి, ప్రగాఢ సానుభూతి, క్షతగాత్రులు త్వరగా కోలుకోవాలన్న ఆకాంక్ష, చివర ఎక్స్‌గ్రేషియా. ఊరి పేరు మారిస్తే ఏ ప్రమాదానికైనా సరిపోతుంది. అందులో అబద్ధం ఉండదు. విన్నవాడికి ఇప్పుడు ఏం చేయాలో కూడా ఉండదు.

1948 జనవరి 30 సాయంత్రం గాంధీజీని చంపారు. దేశవిభజన నెత్తురు ఇంకా ఆరలేదు. చంపినవాడు ముస్లిం అన్న పుకారు ఒక్క గంట నిలబడినా ఎన్ని వీధులు తగలబడేవో! అందుకే హంతకుడు హిందువని ఆలిండియా రేడియో స్పష్టంగా ప్రకటించింది. ఆ రాత్రి నెహ్రూ రేడియోలో మాట్లాడారు. రాసి పెట్టుకున్న ప్రసంగం కాదు. మన జీవితాల్లో వెలుగు ఆరిపోయిందన్న మాట అందరికీ గుర్తుంది. నాకు అంతకన్నా ఇష్టమైనది దాని తరువాతి భాగం. కోపంలో ఎవరూ అనుచితంగా ప్రవర్తించవద్దన్నారు. మరునాడు పదకొండున్నరకు బిర్లా భవనం నుంచి పార్థివదేహం బయలుదేరుతుంది, నాలుగింటికి యమునా తీరంలో దహనం. భవనం దగ్గర గుమికూడవద్దు, దారికి రెండు వైపులా మౌనంగా నిలబడండి అన్నారు. ఢిల్లీకి రాలేనివారు ఉపవాసం ఉండి, అదే వేళకు నదికో సముద్రానికో వెళ్లి ప్రార్థించమన్నారు. కాళ్లూ చేతులూ ఆడని కోట్ల మందికి ఆయన ఒక పని అప్పగించారు. ఋషికుల్య ఒడ్డున ఉన్నవారికీ, గోపాలపూర్ తీరంలో వలలు ఆరబెట్టుకునేవారికీ అందులో చోటుంది.

1984లో ఇందిరాగాంధీ హత్య తరువాత ఒక్క ఢిల్లీలోనే 2,700 మందికి పైగా సిక్కులు బలయ్యారు. నవంబరు 19న బోట్ క్లబ్ సభలో రాజీవ్ గాంధీ, మహావృక్షం కూలినప్పుడు చుట్టూ నేల కొంచెం కంపించడం సహజమన్నారు. తల్లిని పోగొట్టుకున్న కొడుకు కదా అని సర్దిచెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. ఇల్లు తగలబడిన సిక్కుకు కూడా ఆయనే ప్రధాని.

క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 2019 మార్చిలో 51 మందిని కాల్చి చంపినప్పుడు న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో తన ప్రసంగాన్ని ‘అస్సలాము అలైకుమ్’ అని మొదలుపెట్టారు. హంతకుడి పేరు తన నోట రాదన్నారు. ముందు ఎవరితో మాట్లాడాలో ఆమెకు తెలుసు.

ఇక మన సంగతి. 2023 జూన్ 2న మన ఒడిశాలోనే బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రైలు ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. మనమంతా ఎక్కి దిగే హౌరా–చెన్నై లైను అది. దోషులను కఠినంగా శిక్షిస్తామని మరునాడు ప్రధాని అన్నారు. అనవలసిందే. అయితే ఫోను ఎత్తని కొడుకు కోసం వెతికే తండ్రికి దోషి తరువాతి సంగతి. ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎవరిని అడగాలి అన్నది మొదటిది. గుర్తుపట్టలేని 28 మృతదేహాలకు చివరికి అక్టోబరులో దహనం జరిగింది. అంటే ఆ ఇళ్లలో ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ మొదటి మాట ఏ భాషలో వస్తుంది? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం తగ్గింది. 1999 నాటి పెనుతుఫానుకు దాదాపు పది వేల మంది పోయిన రాష్ట్రం ఇది. మన తీరంలో చేపలు పట్టే వాడబలిజల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఢిల్లీ నుంచి వచ్చే నాయకుడికి తెలుగు రానక్కర్లేదు. ఆయన హిందీలో చెప్పింది పక్కనే నిలబడి ఒడియాలో, తెలుగులో చదివే మనిషి ఉంటే చాలు. అప్పటికప్పుడు వెతికితే దొరకరు. మన జిల్లా కేంద్రం ఛత్రపురంలోని కలెక్టరు కార్యాలయానికి, తుఫానులు వచ్చే అక్టోబరు రాకముందే ఒక జాబితా ఇద్దాం. రెండు భాషలూ తడబడకుండా చదవగలవారు సభ అయ్యాక దయచేసి ఆగండి, పేరూ ఫోను నంబరూ రాసుకుంటాను.