వైరు గుచ్చే ముందు బ్రెడ్‌బోర్డ్ సంగతి తెలుసుకుందాం

అందరికీ నమస్కారం. ఆదివారం నిద్ర మానుకుని మారతహళ్ళి నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. బ్రెడ్‌బోర్డ్ అంటే టంకం వేయకుండా పార్టులు, వైర్లు కన్నాల్లో గుచ్చి సర్క్యూట్ కట్టి చూసుకునే ప్లాస్టిక్ బోర్డు. అది తేనివాళ్ళు పక్కవాళ్ళది చూడండి, తర్వాత మన బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌కి వెళ్ళి తెచ్చుకోవచ్చు.

సర్క్యూట్ పనిచేయకపోతే మనం ఐసీ, అంటే చిప్పు, పోయిందంటాం, కోడ్ తప్పంటాం, కానీ కొత్తలో చాలాసార్లు తప్పు ఈ కన్నాల దగ్గరే ఉంటుంది, అందుకే ఏ కన్నం దేనితో కలిసుందో ముందు తెలుసుకోండి అని పట్టుబట్టి చెప్తున్నా.

మధ్యలో పొడుగ్గా గాడి ఉంది కదా, దానికి అటు ఐదు, ఇటు ఐదు కన్నాలు. ఒక పక్క వరసలో ఉన్న ఐదింటి కిందా ఒకటే మెటల్ క్లిప్పు, అంటే కరెంటుకి ఆ ఐదూ ఒకే పాయింట్, గాడి దాటితే కనెక్షన్ లేదు. రెసిస్టర్ రెండు కాళ్ళూ ఆ ఐదింట్లోనే గుచ్చారనుకోండి, కరెంటు క్లిప్పులోంచి పోతుంది, రెసిస్టర్ ఉన్నా లేనట్టే, పాపం ఎల్‌ఈడీ కాలిపోతుంది. కన్నానికీ కన్నానికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు, గాడికి అటూ ఇటూ ఉన్న కన్నాల మధ్య 7.62, మన 555 టైమర్ చిప్పు కాళ్ళ వరసల మధ్య దూరం కూడా అంతే, అందుకే అది గాడి మీద చక్కగా కూర్చుంటుంది, ఎదురెదురు కాళ్ళు షార్ట్ అవ్వవు. ఈ అండ్ ఎల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీకి రొనాల్డ్ పోర్చుగల్ 1971లో చేసిన డిజైన్ ఇది, ఇప్పటికీ పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదంటే ఎంత బాగా ఆలోచించాడో చూడండి.

ఇక అంచుల్లో ఎర్ర గీత, నీలం గీత, ఇవి పవర్ రైళ్ళు, అంటే పొడుగునా కలిసున్న కన్నాల వరసలు, ఎర్రది ప్లస్, నీలం గ్రౌండ్. ఇక్కడ మాత్రం జాగ్రత్త. 830 కన్నాల పెద్ద బోర్డుల్లో కొన్నిట్లో రైలు సగంలో తెగి ఉంటుంది, ఈ సగానికి 5 వోల్టులు ఇస్తే ఆ సగానికి ఏమీ రాదు, మధ్యలో చిన్న జంపర్, అంటే రెండిటినీ కలిపే వైరు ముక్క, వేయాలి. ఈ అంచు రైలుకీ ఆ అంచు రైలుకీ కూడా లోపల కనెక్షన్ ఉండదు. చూసి చెప్పలేం, మల్టీమీటర్‌ని కంటిన్యూటీలో, అంటే కనెక్షన్ ఉందా లేదా చూసే సెట్టింగ్‌లో, పెట్టి చెక్ చేయాల్సిందే. ప్రోబ్ మొన లావు, కన్నంలోకి తొయ్యకండి, 22 గేజ్ సింగిల్ కోర్ వైరు ముక్కలు రెండు గుచ్చి వాటికి ఆనించండి, బీప్ వస్తే కలిసున్నట్టు.

లావు కాళ్ళ డయోడ్లు బలవంతంగా గుచ్చితే క్లిప్పు వదులైపోతుంది, తర్వాత సన్న వైరు అక్కడ నిలబడదు. పెద్ద మోటార్లు దీనిమీద వద్దు, క్లిప్పులు వేడెక్కుతాయి. 230 వోల్టులు అసలు వద్దంటే వద్దు. పక్కపక్క క్లిప్పుల మధ్య కొన్ని పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ దాన్లోంచి పక్క క్లిప్పుకి జారిపోతుంది, కాబట్టి రేడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్లకి ఇది పనికిరాదు.

సరే, మీటర్లు తీయండి, ఎర్ర రైలు రెండు చివర్లతో మొదలెడదాం, బీప్ రానివాళ్ళు చెయ్యెత్తండి, నేను జంపర్లు తెచ్చిస్తా.