అరవైల పాటలు: అమ్ముడైనవి వేరు, నిలిచినవి వేరు

[తెరపై: 1965, బ్రిటన్]

ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ (ఆల్బమ్‌గా కాక విడిగా అమ్మే పాట రికార్డు) ఎవరిది? బీటిల్స్‌ది కాదు. కెన్ డాడ్ అనే హాస్యనటుడు పాడిన 'టియర్స్'. మొత్తం అరవైల దశకానికి లెక్కేసినా అది మూడో స్థానంలో ఉంది. మొదటి ఐదింట్లో మిగతా నాలుగూ బీటిల్స్‌వే.

[పక్కపక్కన రెండు రికార్డు కవర్లు]

ఇప్పుడు బీటిల్స్‌దే 'హియర్ కమ్స్ ద సన్' చూడండి. 1969లో 'యాబీ రోడ్' ఆల్బమ్‌లో వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ సింగిల్‌గా వేయనేలేదు. అప్పటి సింగిల్స్ పట్టికలో వెతికితే దాని ఖాతా సున్నా. స్పాటిఫైలో వంద కోట్ల ప్లేలు దాటిన మొదటి బీటిల్స్ పాట మాత్రం అదే, 2023లో. 'టియర్స్' మీలో ఎంతమంది విన్నారో మీకే తెలుసు!

[తెరపై: బంగారు డిస్కు]

అమెరికా లెక్కల్లో తిరకాసు ఎక్కువ. అమ్మకాలను బట్టి గోల్డ్, ప్లాటినం అనే సర్టిఫికెట్లు ఇచ్చేది ఆర్‌ఐఏఏ, అంటే అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం. అరవైల్లో గోల్డ్ ఆల్బమ్ అంటే పది లక్షల డాలర్ల హోల్‌సేల్ అమ్మకం. కాపీల లెక్క కాదు, డబ్బు లెక్క. 5 లక్షల కాపీల నిబంధన 1975లో వచ్చింది, ప్లాటినం (పది లక్షల కాపీలు) 1976లో. కాబట్టి 1966 నాటి గోల్డ్‌నూ 1986 నాటి గోల్డ్‌నూ ఒకే తక్కెడలో వేయకండి.

డబుల్ ఆల్బమ్ దగ్గర ఇంకా జాగ్రత్త. బీటిల్స్ 'వైట్ ఆల్బమ్'కి 24 ప్లాటినంలు. అంటే 2.4 కోట్ల సెట్లు కాదు. ఒక్కో సెట్టుకి రెండు డిస్కులు లెక్కేస్తారు కాబట్టి 1.2 కోట్లు.

పైగా సర్టిఫికెట్ దానంతటది రాదు. కంపెనీ అడగాలి, ఖాతాలు ఆడిట్‌కి ఇవ్వాలి. మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ అరవైల్లో ఇవ్వలేదు. అందుకే వరసగా నంబర్ వన్‌లు కొట్టిన ఆ కంపెనీ గాయనుల బృందం సుప్రీమ్స్‌కి ఆ రోజుల్లో ఆర్‌ఐఏఏ గోల్డ్ లేదు. గోల్డ్ లేదని అమ్ముడుపోలేదనుకుంటే పప్పులో కాలేసినట్టే.

[తెరపై: 1991–2009]

నిలకడ కొలవడానికి అమెరికా ఆల్బమ్‌ల వారపు చార్టు బిల్‌బోర్డ్ 200 తీస్తున్నారా? 1991 నుంచి 2009 దాకా ఉన్న కాలాన్ని పక్కన పెట్టండి. అప్పట్లో పాత ఆల్బమ్‌లను ప్రధాన చార్టులోంచి తీసి వేరే చార్టులో పెట్టారు. ఎంత అమ్ముడైనా ఆ ఏళ్ల ప్రధాన చార్టులో కనిపించవు.

స్ట్రీమింగ్‌కొస్తే, స్పాటిఫైలో 'నెలవారీ శ్రోతలు' అనేది గడిచిన 28 రోజుల సంఖ్య మాత్రమే. అమెరికా గాయని బ్రెండా లీ అరవైల్లో పెద్ద స్టార్. ఆమె 1958లో రికార్డు చేసిన క్రిస్మస్ పాట 2023 డిసెంబరులో పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయింది! అందుకే డిసెంబరు అంకె తీసుకోవద్దు. జూన్‌లో చూడండి, ఆ పాట ఒక్కటీ మినహాయించి మిగతావి ఎంతమంది వింటున్నారో కూడా చూడండి.